అర్మేనియన్ భాష ఎక్కడిది, ఆ 36 అక్షరాలు ఎలా పుట్టాయి, రాతి మీద సంవత్సరం ఎలా చదవాలి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. అర్మేనియన్ పారసీ నుంచి విడిపోయిన భాషేనా? దాని లిపిని నిజంగా ఒక్క మనిషే తయారు చేశాడా? మద్రాసు అర్మేనియన్ చర్చి ఆవరణలో ఉన్నలాంటి సమాధి రాళ్ల మీద అంకెలు లేకుండా అక్షరాలే ఉంటే సంవత్సరం ఎలా తెలుసుకోవాలి? మొదటిదానికి జవాబు: "కాదు". రెండోదానికి అవును, అయితే సాయం లేకుండా కాదు. మూడోది కాగితం, కలం దగ్గరుంటే ఎవరైనా చేయగల కూడిక. లెక్క చేసి చూపిస్తాను. మూడింటినీ కలిపే సంగతి ఒకటుంది. ఈ అక్షరాలను 5వ శతాబ్దం మొదట్లో అప్పటి ఉచ్చారణకు అచ్చంగా సరిపోయేలా కొలిచి చేశారు. తర్వాత ఉచ్చారణ పక్కకు జరిగిపోయింది, అక్షరాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఆ రెండింటి మధ్య ఏర్పడ్డ ఎడం చూసే ఈ భాష చరిత్రలో చాలా భాగం చదువుకోవచ్చు.

ముందు పేరు సంగతి. అర్మేనియన్లు తమను "హాయ్" అనుకుంటారు, దేశం "హయస్తాన్", భాష "హయెరెన్". అర్మేనియా అన్నది బయటివాళ్ల మాట. మొదటి దరియస్ క్రీ.పూ. 520 ప్రాంతంలో బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో, పాత పారసీ పాఠంలో "అర్మిన" అని ఉంటుంది. అదే శాసనపు బాబిలోనియన్ పాఠంలో ఆ చోట "ఉరష్తు" అని, అంటే ఉరార్తు అని రాశారు. ఉరార్తు అంతకుముందు ఆ కొండల్లో ఉన్న రాజ్యం. క్రీ.పూ. 782లో దాని రాజు అర్గిష్తి కట్టించిన "ఎరెబుని" కోట పేరే ఇవాళ్టి యెరెవాన్‌లో నిలిచింది. ఉరార్తు భాషకూ అర్మేనియన్‌కూ చుట్టరికం లేదు, ఇరుగుపొరుగు సంబంధమే. సముద్రానికి "ౘోవ్", ఆపిల్‌కు "ఖంద్‌జోర్" లాంటి కొన్ని మాటలు ఉరార్తు, హురియన్ భాషల వైపు నుంచి వచ్చినవే.

ఇక పారసీ గొడవ. 19వ శతాబ్దం మూడొంతులు గడిచే దాకా పెద్ద పండితులే అర్మేనియన్‌ను ఇరానియన్ భాషల్లో కలిపి లెక్కవేశారు. వాళ్లను తప్పుపట్టలేం, మాటలు అలా ఉన్నాయి మరి. వెయ్యికి "హజార్", స్వేచ్ఛ గల మనిషి "అజాత్", ఆజ్ఞ "హ్రమాన్", ఉత్తరం "నమక్", ఏనుగు "ఫిఘ్". ఉర్దూ మీదుగా మనకు తెలిసిన హజార్, ఆజాద్, ఫర్మానా, నామా, ఫీల్‌ఖానాలోని ఫీల్ ఇవే. క్రీ.శ. 1వ శతాబ్దం నుంచి 428 వరకు అర్మేనియాను ఏలింది పార్థియన్ మూలపు అర్షకుని వంశం. దర్బారు, సైన్యం, పన్నులు, వేట, వేషం అన్నీ ఆ భాషలోనే నడిచాయి కాబట్టి వందలకొద్దీ మాటలు దిగాయి.

1875లో జర్మన్ పండితుడు హైన్‌రిఖ్ హ్యూబ్ష్‌మన్ చేసిన పని చాలా సూటిగా ఉంటుంది. అరువు మాటలన్నీ ఒక పక్కకు తీసేసి, మిగిలిన వాటిలో ధ్వనులు ఏ నియమం ప్రకారం మారాయో చూశాడు. అంకెలు, చుట్టరికాలు, ఒంటి భాగాలు, రోజూ వాడే క్రియలు మిగిలాయి. అవి ఇరానియన్ దారిలో అసలు నడవలేదు. పారసీలో అయిదు "పంజ్", పది "దహ్", తండ్రి "పిదర్". అర్మేనియన్‌లో అవే "హింగ్", "తస్న్", "హయ్ర్". మూలంలోని ప కారం అర్మేనియన్‌లో హ అయింది, లేదా పూర్తిగా రాలిపోయింది. ద కారం త అయింది. పంజ్ నుంచి హింగ్ రాదు, దహ్ నుంచి తస్న్ రాదు. రెండూ ఇంకా పైనున్న ఒకే మూలం నుంచి వేర్వేరు దారుల్లో దిగాయి. కాబట్టి ఇండో-యూరోపియన్ కుటుంబంలో అర్మేనియన్ తనకు తానే ఒక శాఖ, గ్రీకులాగా, అల్బేనియన్‌లాగా.

తెలుగువాళ్లకు దీన్ని సరిచూసుకోవడం తేలిక. తెలుగు ద్రావిడ భాషే అయినా మన దగ్గర సంస్కృత తత్సమాలు బోలెడు. వాటి పక్కన అర్మేనియన్ మాట పెట్టి చూడండి. మాంసం: మిస్. మూషికం: ముక్న్. గోవు: కోవ్. ద్వారం: దుఱ్న్. భరించు లోని "భర": బెరెమ్, అంటే మోస్తాను. వేదం లోని "విద్": గితెమ్, అంటే ఎరుగుదును. పదం మొదట్లో వ కారం గ కావడం అర్మేనియన్‌లో నియమం, అందుకే ద్రాక్షసారా "గిని". స్వప్నం లోని "స్వ" అర్మేనియన్‌లో గట్టి ఒత్తు క అవుతుంది: నిద్ర "క్హున్", అక్కాచెల్లెలు "క్హోయ్ర్" (సంస్కృతంలో స్వసృ). అన్నిటికన్నా వింతగా కనిపించేది రెండు అంకె. "ద్వి"కి అర్మేనియన్‌లో "ఎర్కు". యాదృచ్ఛికమని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. కానీ మూలంలో "ద్వ"తో మొదలైన ఇంకో మాట కూడా, "పొడవైన" అనే అర్థం గలది, అర్మేనియన్‌లో "ఎర్కార్" అనే వచ్చింది. ధ్వని మార్పు ఎంత విడ్డూరంగా ఉన్నా ఒకే చోట ఒకేలా జరిగితే అది నియమమే.

ఈ శాఖ అనటోలియా కొండల్లోకి ఎప్పుడు, ఏ దారిన వచ్చిందన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. హెరొడొటస్ వాళ్లను ఫ్రిజియన్ల వలస అన్నాడు, దానికి భాషాపరమైన ఆధారం బలంగా లేదు. గ్రీకుతో మాత్రం కొన్ని దగ్గర పోలికలు ఉన్నాయి: పేరుకు "అనున్", గ్రీకులో "ఒనొమ", నక్షత్రానికి "అస్త్‌ఘ్", గ్రీకులో "అస్తేర్". రెండింటిలోనూ మొదట ఒక అచ్చు ఉంది, సంస్కృతంలో నామ, తార అంటూ అది ఉండదు. ఇక అర్మేనియన్‌లో రాసిన వాక్యం 5వ శతాబ్దానికి ముందు ఒక్కటీ దొరకలేదు. క్రీ.పూ. 401లో జెనొఫన్ సైన్యం ఆ ఊళ్ల మీదుగా వెళ్లినప్పుడు దుబాసీ ఊరివాళ్లతో పారసీలో మాట్లాడాడు. క్రీ.పూ. 2వ శతాబ్దపు అర్తషెస్ రాజు సరిహద్దు రాళ్లు అరమాయిక్‌లో ఉన్నాయి. క్రైస్తవం వచ్చాక (సంప్రదాయం చెప్పే సంవత్సరం 301) గుళ్లలో చదివింది గ్రీకు లేదా సిరియాక్. అంటే ఇంట్లో ఒక భాష, రాతలో ఇంకో భాష, గుడిలో మరో భాష.

ఈ లిపిని తయారు చేసిన మష్తోత్స్ కష్టం ఇక్కడి నుంచే మొదలైంది. మెస్రోప్ మష్తోత్స్ దాదాపు 362లో తారోన్ సీమలోని హౘెకౘ్ గ్రామంలో పుట్టాడు. గ్రీకు చదివి, రాజుగారి కచేరీలో రాతపని చేసి, తర్వాత సన్యసించి గొఘ్తన్ ప్రాంతంలో మతబోధకు వెళ్లాడు. అక్కడ జనానికి గ్రంథం అర్థం కావడం లేదు. చదివిన ప్రతిదాన్నీ నోటితో మళ్లీ చెప్పాలి. పైగా 387లో దేశం రోముకూ పారసీకానికీ పంపకమైపోయింది. తమ భాషలో ప్రార్థన, చదువు లేకపోతే రెండు వైపులా కరిగిపోతామన్న భయం ఉంది. మతాధిపతి సహక్ పార్తెవ్, రాజు వ్రమ్‌షపూహ్ ఇద్దరూ మష్తోత్స్‌కు అండగా నిలిచారు. ఈ వివరాలన్నీ మనకు తెలిసింది అతని శిష్యుడు కోర్యున్ 440లలో రాసిన జీవితకథ వల్ల. కళ్లారా చూసినవాడి రాత అది, అందుకే తర్వాతి శతాబ్దాల అద్భుత కథల కన్నా దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

మొదటి ప్రయత్నం విఫలమైంది, ఎందుకు విఫలమైందో తెలుసుకోవడం ముఖ్యం. దానియేల్ అనే సిరియన్ బిషప్ దగ్గర అర్మేనియన్‌కు అక్షరాలున్నాయని తెలిసి రాజు వాటిని తెప్పించాడు. దాదాపు రెండేళ్లు పిల్లలకు నేర్పారు. చివరికి ఆ అక్షరాలు భాషలోని ధ్వనులన్నిటికీ చాలవని తేలింది. ఎక్కడో పాతిపెట్టి మళ్లీ పైకి తీసిన వేరే అక్షరాలవి అన్న అర్థంలో కోర్యున్ రాశాడు. సిరియాక్ తరహా లిపి అచ్చులను సరిగా రాయదు, హల్లులూ ఇరవైరెండే. అర్మేనియన్‌కు కావలసిన హల్లులే దాదాపు ముప్ఫై.

అప్పుడు మష్తోత్స్ శిష్యులను వెంటబెట్టుకుని బయల్దేరాడు. అమిద్, ఎదెస్సా నగరాల్లో సిరియాక్ పండితులతో కూర్చున్నాడు, అక్షరాల జాబితా అక్కడ తేలింది. సమొసాటలో రుఫినస్ అనే గ్రీకు లేఖకుడితో (అర్మేనియన్లు హ్రొపానోస్ అంటారు) ఒక్కో అక్షరానికీ సన్నం, లావు, పొట్టి, పొడుగు గీతలు సరిచేయించి రూపం ఖాయం చేశాడు. ఇది 405 నాటి మాట. కొందరు 404 అని, 406 అని లెక్కవేస్తారు. అంటే ధ్వనుల లెక్క, వరస, ఏ ధ్వనికి ఏ గుర్తు అన్న నిర్ణయం మష్తోత్స్‌వి. చేతిరాత అందం గ్రీకు లేఖకుడిది. డబ్బు, ఆజ్ఞ రాజుది. అనువాదం పని సహక్‌తో కలిసి పెద్ద బృందానిది.

మొదట రాసిన వాక్యం బైబిల్లోని సామెతల గ్రంథంలో రెండో వచనం. ఉచ్చారణ దాదాపు ఇలా: "చనఛెల్ జిమస్తుథ్యున్ యెవ్ జఖ్‌రత్, ఇమనల్ జబన్స్ హంచరొయ్". జ్ఞానాన్నీ ఉపదేశాన్నీ తెలుసుకోవడానికి, వివేకపు మాటలు గ్రహించడానికి అని అర్థం. దీన్ని దగ్గరగా చూడండి. మొదటి మాటలోనే చ, ఛ రెండున్నాయి, రెండూ గ్రీకులో రాయలేనివి. "ఖ్‌రత్"లో ఉన్నది హైదరాబాదు ఉర్దూలో "ఖబర్" అన్నప్పుడు గొంతులో గీసుకునే ఖ. "హంచరొయ్"లో హ ఉంది, గ్రీకులో దానికి అక్షరమే లేదు. కొత్త లిపికి ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. ఇంకోటి: జిమస్తుథ్యున్, జఖ్‌రత్, జబన్స్ మూడింటి ముందూ "జ్" అతికి ఉంది. మనం "జ్ఞానాన్ని" అంటూ చివర పెట్టే "ని"ని పాత అర్మేనియన్ మాట ముందు పెట్టేది. ఈనాటి భాషలో ఆ "జ్" పోయింది.

అక్షరాలు మొత్తం 36. వరస గ్రీకుదే: అయ్బ్, బెన్, గిమ్, దా అంటే ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. గ్రీకులో లేని ధ్వనులను జార్జియన్ లిపి చేసినట్టు చివర్లో పోగు చెయ్యకుండా మధ్యమధ్యలో ఇరికించారు. రాత ఎడమ నుంచి కుడికి, అచ్చులకు పూర్తి అక్షరాలు, ఇవన్నీ గ్రీకు పద్ధతులు. "ఉ" ధ్వనికి మాత్రం ఒక్క అక్షరం లేదు, గ్రీకులోలాగే రెండు అక్షరాలు కలిపి రాస్తారు. లిపి ఇథియోపియా గీజ్ నుంచి వచ్చిందని అంతర్జాలంలో తరచూ కనిపిస్తుంది. కొన్ని ఆకారాలు పోలినట్టుండటం తప్ప వరసగానీ, అచ్చుల పద్ధతిగానీ కలవవు. అక్షర రూపాల పోలిక ఒక్కటే పట్టుకుని లిపుల చుట్టరికం తేల్చకూడదు.

ధ్వనుల లెక్క ఎంత జాగ్రత్తగా చేశారో తెలుగు చెవికి ఇట్టే తెలుస్తుంది. బ, ప, ఫ. ద, త, థ. గ, క, ఒత్తు క: ప్రతి చోటా మూడేసి. (ఇక్కడ ఫ అంటే "ఫలం"లో అసలు పలకాల్సిన ఒత్తు ప, ఇంగ్లీషు "ఫ్యాన్"లోది కాదు.) మనం ఒకే "చ" రాసి "చేప"లో ఒకలా, "ౘలి"లో ఇంకోలా పలుకుతాం, ౘ, ౙ గుర్తులు నిఘంటువుల్లో తప్ప కనిపించవు. మష్తోత్స్ ఆ రెండింటికీ వేర్వేరు అక్షరాలు ఇచ్చాడు, ౘ కు ఒత్తు రూపం కూడా విడిగా ఇచ్చాడు. ర, ఱ భేదం కూడా అంతే. మనం శకటరేఫను వదిలేశాం, వాళ్ల "రే", "ఱా" ఇవాళ్టికీ యెరెవాన్ వాడుకలో వేర్వేరుగా పలుకుతాయి.

ఇప్పుడు అక్షరం నిలిచి ధ్వని జరిగిన చోట్లు. "ఘాత్" అనే అక్షరాన్ని ఇవాళ ఉర్దూ "గజల్" మొదటి ధ్వనిలా పలుకుతారు. కానీ గ్రీకు పేర్లు పాల్, లూకా, లాజరస్ పాత అర్మేనియన్‌లో ఈ అక్షరంతోనే రాశారు: ఇవాళ అవి పొఘోస్, ఘుకాస్, ఘజార్. వరసలో చూసినా కెన్‌కూ మెన్‌కూ మధ్య, అంటే గ్రీకు కప్పా, ము మధ్య ఉన్న లాంబ్డా చోటులో ఘాత్ కూర్చుని ఉంది. కాబట్టి 405లో అది ఒక రకం ల. ఏనుగుకు ఫిఘ్ అన్నా ఫీల్ అన్నా ఒకే మాటని పైన అన్నాను కదా, ఆ ల ఘ అయింది ఇలాగే.

రెండో జరుగుడు ఇంకా పెద్దది. పశ్చిమ అర్మేనియన్‌లో, అంటే ఇస్తాంబుల్, అనటోలియా వైపు మాట్లాడి 1915 జాతిహననం తర్వాత లెబనాన్, ఫ్రాన్స్, అమెరికాలకు చెదిరిపోయిన భాషలో, బ గ ద అక్షరాలు ఒత్తు ప క త లుగా, ప క త అక్షరాలు బ గ ద లుగా తారుమారయ్యాయి. అందుకే ఒకే అక్షరాలతో రాసిన పేరు తూర్పున పెత్రోస్, పశ్చిమాన బెద్రోస్, గ్రిగోర్, క్రికోర్, కరపెత్, గరబెద్, హకోబ్, హగోప్, తిగ్రాన్, దిక్రాన్. రెండు పుస్తకాల్లో ఈ జంటలు చూసి ఇద్దరు మనుషులనుకోవద్దు. మద్రాసు, కలకత్తా అర్మేనియన్లు ఇరాన్‌లోని న్యూ జుల్ఫా నుంచి వచ్చిన వర్తకులు, వాళ్లది తూర్పు ఉచ్చారణ, అక్కడ పెత్రోసే. పశ్చిమ అర్మేనియన్‌ను యునెస్కో 2010లో అంతరించే ప్రమాదంలో ఉన్న భాషల జాబితాలో పెట్టింది, అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

తెలుగులో అర్మేనియన్ పేర్లు రాసేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇంకొకటి. అర్మేనియన్ రాతలో పొట్టి అకారం లాంటి అస్పష్ట అచ్చును చాలాచోట్ల రాయరు, పలుకుతారు. పేరు మ్క్ర్తిచ్ అని అక్షరానికి అక్షరం దింపితే నాలుక తిరగదు. అది పలకడంలో "మకర్‌తిచ్"కు దగ్గర. అలాగే రాయడం అనే క్రియ రాతలో "గ్రెల్", నోట్లో "గరెల్".

ఆ "గిర్" (అక్షరం) నుంచే ఎన్ని మాటలు! దాని పాత బహువచనం "గిర్క్హ్" అంటే పుస్తకం, "గ్రిచ్" కలం, "గ్రదరాన్" గ్రంథాలయం. 5వ శతాబ్దపు రాతభాష పేరు "గ్రబార్", అచ్చంగా మన గ్రాంథికం. యూసెబియస్ చరిత్రక్రమ గ్రంథం పూర్తిగా మిగిలింది ఈ గ్రబార్ అనువాదంలోనే, గ్రీకు మూలం పోయింది. మాట్లాడే భాష మారిపోయినా గ్రబార్ 19వ శతాబ్దం దాకా రాతలో రాజ్యం చేసింది. అప్పుడు "అష్‌ఖర్హబార్", అంటే లోకుల భాష, కావాలని వాదం లేచింది. ఖచతూర్ అబొవ్యాన్ 1841లో వాడుకభాషలో రాసిన నవల 1858లో, అతను కనుమరుగైన పదేళ్లకు, అచ్చయింది. గ్రాంథిక వ్యావహారిక పోరు తెలిసిన తెలుగువాళ్లకు ఆ వాదనలు ఇరువైపులా ఎలా ఉండి ఉంటాయో చెప్పక్కర్లేదు.

లిపిలో తర్వాత జరిగిన మార్పులు కొద్దే. మధ్యయుగంలో ఓ, ఫే (ఇది ఇంగ్లీషు ఫ) చేరి 38 అయ్యాయి. మొదట్లో పెద్ద నిటారు అక్షరాలు మాత్రమే ఉండేవి, వాటిని "యెర్కథగిర్", ఇనుప అక్షరాలు అంటారు. గుండ్రటి "బొలొర్గిర్" తర్వాత వచ్చి, అచ్చులో చిన్నబడి అక్షరాలకు అదే మూలమైంది. మొదటి అచ్చుపుస్తకం 1512లో వెనిస్‌లో హకోబ్ మెఘపర్త్ వేశాడు. 1922లో సోవియట్ అర్మేనియాలో వర్ణక్రమం మార్చారు, 1940లో కొంత వెనక్కి తిప్పారు. ఇరాన్, ప్రవాసం ఆ మార్పును ఒప్పుకోలేదు. అందుకే హకోబ్ అన్న పేరు యెరెవాన్‌లో "హో"తో, పాత పద్ధతిలో "యీ" అక్షరంతో మొదలవుతుంది. నిఘంటువులో మాట దొరక్కపోతే ముందు ఈ తేడా చూడండి.

ఇక రాయి చదవడం. 36 అక్షరాలు తొమ్మిదేసి చొప్పున నాలుగు వరసలు. ఒకట్లు, పదులు, వందలు, వేలు.

ఒకట్లు (1 నుంచి 9): అయ్బ్, బెన్, గిమ్, దా, యెచ్, జా, ఎ, అథ్, థో.
పదులు (10 నుంచి 90): ఝే, ఇని, ల్యూన్, ఖే, ౘా, కెన్, హో, ౙా, ఘాత్.
వందలు (100 నుంచి 900): చే, మెన్, యీ, నూ, షా, వో, ఛా, పే, జే.
వేలు (1000 నుంచి 9000): ఱా, సే, వెవ్, త్యూన్, రే, ౘ్హో, హ్యూన్, ఫ్యూర్, క్హే.

రాతి మీద "థ్విన్" (సంవత్సరం) అన్న మాట వెతకండి, దాని పక్కనే అక్షరాలుంటాయి. ఎప్పుడూ పెద్ద విలువ ముందు. ఱా, మెన్, ఇని, అయ్బ్ అని ఉంటే 1000, 200, 20, 1, మొత్తం 1221. అర్మేనియన్ పెద్ద శకం 552లో మొదలైంది కాబట్టి 551 కలపాలి: 1772, మద్రాసు చర్చి కట్టిన సంవత్సరం. తెలిసిన తేదీని వెనక్కి కూడా లెక్కవేసి అలవాటు చేసుకోవచ్చు. ప్రపంచంలో మొదటి అర్మేనియన్ పత్రిక "అజ్‌దరార్"ను హరుత్యూన్ ష్మవొన్యాన్ అనే పూజారి 1794లో మద్రాసులోనే మొదలుపెట్టాడు. 1794లో 551 తీస్తే 1243: ఱా, మెన్, ఖే, గిమ్.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: జుల్ఫా వర్తకులకు ఇంకో శకం ఉంది. 1616 మార్చిలో మొదలయ్యే ఆ చిన్న శకానికి 1615 కలపాలి. చే, ౘా, ఎ అని ఉంటే 157, అంటే 1772. దీనికి 551 కలిపితే 708 వస్తుంది, అప్పటికి మద్రాసూ లేదు, వర్తకులూ లేరు. భారతదేశంలోని రాళ్లకు గుర్తు సులువు: మొదట ఱా ఉంటే పెద్ద శకం, ఱా లేకుండా రెండు మూడు అక్షరాలే ఉంటే చిన్న శకం. నెల కూడా ఉంటే ఒక ఏడాది అటూ ఇటూ చూసుకోవాలి. పెద్ద శకపు ఏడాదికి ఎప్పుడూ 365 రోజులే, అధిక దినం లేదు. అందువల్ల సంవత్సరాది వెనక్కి జరుగుతూ వచ్చి 18వ శతాబ్దంలో సెప్టెంబరులో పడింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తేదీలకు 550 కలపండి. చిన్న శకంలో జనవరి, ఫిబ్రవరి తేదీలకు 1616.

ఇంకో ఉచ్చు, పైన గీత ఉన్న రెండక్షరాల మాటలు. గీత ఉంది కదా అని అంకె అనుకోకండి. దేవుడు (అస్త్వౘ్) అన్న మాటను అయ్బ్, ౘా అని కుదించి పైన గీత పెడతారు. ప్రభువు (తేర్) అయితే త్యూన్, రే. ఆ గీతను "పతివ్", అంటే గౌరవం అంటారు. పరీక్ష ఏమిటంటే, అయ్బ్ 1, ౘా 50, చిన్నది ముందొచ్చింది కాబట్టి అంకె కాదు. త్యూన్, రే రెండూ వేలే, కాబట్టి అంకె కాదు.

ఆకారాల్లో పొరబడేవి: ఇంగ్లీషు "యు" లాంటిది సే (స), "ఎస్" లాంటిది త్యూన్ (త), చిన్నబడి "ఎన్" లాంటిది వో, చిన్నబడి "జి" లాంటిది ౘ్హో. వాక్యం "ఐస్ ఎ తపాన్" అని మొదలైతే "ఇది సమాధి" అని. ఆ తర్వాత వచ్చేది పేరు, ఊరు. హైదరాబాదు ఉప్పుగూడలోని 17వ శతాబ్దపు అర్మేనియన్ సమాధుల దగ్గరైనా ఇదే పద్ధతి. అరిగిన రాయిని మధ్యాహ్నం ఎండలో చదవలేరు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడేటప్పుడు ఫొటో తీయండి, లేదా టార్చి రాతికి ఆనించినట్టు పక్కన పట్టుకోండి. సుద్ద, పిండి రుద్దితే గాట్లు మూసుకుపోయి రాయి పాడవుతుంది. తీసిన ఫొటోలో థ్విన్ పక్కనున్న అక్షరాలు తేలకపోతే ఆ ముక్క ఒక్కటే దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి, పక్కన లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఏమైనా చెక్కి ఉంటే అది కూడా కలిపి.